మార్జిన్‌లో పెన్సిలు

అరండల్‌పేటలో పాత పేపర్ల కొట్టు మస్తాన్‌వలీ
పుస్తకాల్ని కిలోల్లెక్కన అమ్ముతాడు.
"అమ్మగారూ, ఇంగ్లీషు హత్యలొచ్చాయి" అంటాడు నన్ను చూడగానే,
లేత వంకాయలు దిగినట్టు.
మూడు శవాలు, ఓ ఉరితాడు, ఎడతెగని ముసురు,
అన్నీ కలిపి కిలోంపావు.

మే నెల. బ్రాడీపేటలో తారు చెప్పుకి అంటుకుంటుంది.
పదింటికి కరెంటు పోతుంది.
పగలంతా నలభయ్యారు కాచిన డాబా మీద
నీళ్ళు చల్లి, నవారు మంచం వాల్చి,
ఛార్జింగ్ లైటు కింద పేజీ తిప్పితే
లండన్‌లో నవంబరు.
పొగమంచులో వీధిదీపం దగ్గుతోంది.
అద్దెగదిలో మీటరుకి చిల్లర పడేస్తేనే వెచ్చదనం.
గోడకాగితం వెనక చెమ్మ
ఇంటావిడ ఆరాలాగా మెల్లగా పైకి పాకుతోంది.
వేయించిన చేప చుట్టిన పేపర్లో
చచ్చినవాడి ఫొటో నూనెకి పారదర్శకమవుతోంది.

నాకు చలేస్తుంది. నిజంగానే.
దుప్పటి కోసం తడుముకుంటాను.

మా పేటలవీ ఆ దేశపు దొరల పేర్లే.
ఎవరో బ్రాడీ, ఎవరో అరండల్.
పోతూ పోతూ పేర్లు వదిలేసి వెళ్ళారు,
హత్య చేసిన ఇంట్లో గొడుగు మర్చిపోయినట్టు.

అక్కడ నేరస్తులకి ఎంత మర్యాదో!
"క్షమించండి" అని తలుపు వేసి మరీ గొంతు నులుముతారు.
మా మిర్చి యార్డులోనూ అంతే,
"రా బాబాయ్, మజ్జిగ తాగు" అంటూనే
కాటా మీద కాలు.

"రాత్రిపూట ఆ చావుల గోలేంటి వదినా,
పురాణం చదువుకోరాదూ" అంటుంది శేషారత్నం.
పురాణాల్లో ఎంత పాపికైనా ఓ సందు ఉంటుంది,
ఆఖరి ఊపిరిలో దేవుడి పేరు తగిలినా చాలు.
ఈ పుస్తకాల్లో ఆ బేరం కుదరదు.
దొంగని పట్టేవాడి కోటుకీ చిరుగే.
మంచివాడే, తలుపు ఇవతల ఓ నిమిషం ఆగి
లోపలి కేక విని కూడా
టీ చల్లారిపోతుందని వెళ్ళిపోతాడు.

ఆ నిమిషం నాకు తెలుసు.
అందులో కాపురమున్నాను.

పందొమ్మిదేళ్ళ కిందట
సర్వేయరు కాంతారావుగారి దగ్గర టైపిస్టుని.
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ తగలబడి
ఊరు ఊరంతా మూడు రోజులు తుమ్మింది,
కళ్ళు తుడుచుకుంది.
ఏడుపు కాదు, ఘాటు.
కాగితాల మీద నలభైవేల టిక్కీలు.
బూడిద ఆ లెక్కకి చాలదన్నారు కాంతారావుగారు.
మర్నాడు అననట్టే ఉన్నారు.
వాచ్‌మన్ దేవసహాయం లోపలే ఉన్నాడనీ,
తాళం బయటినుంచి వేసుందనీ
అతని భార్య మా ఆఫీసు మెట్ల మీద కూచుని
గోడకి చెబుతోంది.
"షార్ట్ సర్క్యూట్" అన్నారాయన.
కొట్టాను. మూడు కార్బన్ కాపీలు.
ఒక్క తప్పు లేకుండా.

ఈ పుస్తకాన్ని నాకంటే ముందు ఎవరో చదివారు.
నలభయ్యో పేజీలో, ఇంటావిడ తమ్ముడి పేరు పక్కన
పెన్సిలుతో తెలుగులో: "వీడే."
నూట పన్నెండులో అది కొట్టేసి, డాక్టరు పక్కన:
"కాదు కాదు, వీడు."
రెండొందలు దాటాక ఆ చెయ్యి అలిసిపోయింది.
కనిపించిన ప్రతి పేరు కిందా సన్నటి గీత, అంతే.
ఆఖరి పేజీ ఖాళీ.
తెలిసిపోయి ఉంటుంది.

కరెంటొచ్చింది.
కింద గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతోంది.
యార్డు వైపు నుంచి గాలి, ముక్కులో ఎర్రగా.
పెన్సిలు చెక్కుకుని ఆ ఖాళీలో
ఓ తేదీ వేశాను. దాని కింద: దేవసహాయం.
చదివేవాళ్ళు వెనక్కి తిప్పి తిప్పి వెతుక్కుంటారు,
ఈ పేరు గలవాడు కథలో ఎక్కడొచ్చాడా అని.

రేపు మస్తాన్‌వలీకి తిరిగి ఇచ్చేస్తాను.
పెన్సిలు రాతకి బరువుండదు.
పాత రేటే కడతాడు.